డీఎడ్, బీఈడీ: పెట్టే ఖర్చెంత, అందే మొదటి జీతమెంత?

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ర్యాంకు కార్డు రాగానే కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒకే లెక్క మొదలవుతుంది. కాగితానికి ఒక పక్క కాలేజీ ఫీజు రాస్తారు, మరో పక్క ఉన్నత పాఠశాలలో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ జీతం రాస్తారు. నాలుగు నెలల జీతంతో రెండేళ్ల ఫీజు తీరిపోతుంది, ఇంకేం కావాలి అనుకుంటారు. కూడికల్లో తప్పు ఉండదు. కానీ ఫీజు కట్టేది ఈ ఏడాది, ఖాయంగా. ఆ జీతం ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో, అది ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ చేతిలో ఉంది. ఖాయమైన ఖర్చును ఖాయం కాని రాబడితో పోల్చి సీటు తీసుకుంటున్నారు. డీఎస్సీ వచ్చేదాకా, లేదా ఎప్పటికీ రాకపోతే, మీ పట్టాకు పలికే జీతం ఎంత? మొదట వేయాల్సిన లెక్క అది. దాన్ని చాలామంది వేయరు, ఎందుకంటే వచ్చే జవాబు నచ్చదు.

కాబట్టి జీతాల నుంచే మొదలుపెడదాం.

ప్రభుత్వ బడిలో మొదటి జీతం

ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఎస్జీటీ, మూలవేతనం 32,670 రూపాయలతో మొదలవుతుంది. స్కూల్ అసిస్టెంట్‌ది 44,570. దీనికి కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. కరువు భత్యం మారుతూ ఉంటుంది కాబట్టి కాస్త తగ్గించి, మూలవేతనంలో మూడో వంతు అనుకుందాం. పల్లెటూరి బడికి ఇంటి అద్దె భత్యం 10 శాతం. ఈ లెక్కన ఎస్జీటీకి నెలకు 46,800 రూపాయల దాకా, స్కూల్ అసిస్టెంట్‌కు 63,900 దాకా వస్తుంది. ఇది చేతికొచ్చే డబ్బు కాదు. 2004 సెప్టెంబరు నుంచి చేరినవారికి వర్తించే సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే పింఛను పథకం) కింద మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం పోతుంది. బీమా, ఆరోగ్య పథకం, వృత్తి పన్ను వంటి కోతలు మరికొన్ని ఉంటాయి. మొత్తానికి ఎస్జీటీ చేతికి 40 వేల పైన, స్కూల్ అసిస్టెంట్ చేతికి 55 వేల పైన అందుతుందని అనుకోవచ్చు.

కొత్తగా చేరేవారికి పట్టణ శివారు బడి దొరకడం అరుదు. కర్నూలు జిల్లాలో ఎంపికైతే కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి వైపు వెళ్లడానికి మనసు సిద్ధం చేసుకోవాలి. అక్కడ బస్సులు తక్కువ. సుగ్గికాలంలో తల్లిదండ్రులు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలస పోతే పిల్లలూ వెంట వెళతారు, తరగతి సగం ఖాళీ అవుతుంది. బదిలీల్లో ఇలాంటి బళ్లకు ఎక్కువ పాయింట్లు ఇస్తారు గాని, ఆ పాయింట్లు పోగయ్యేసరికి కొన్నేళ్లు పడుతుంది. ఆదోనిలో అద్దెకు ఉండి రోజూ వెళ్లి వస్తే ఆ అద్దె, ప్రయాణ ఖర్చు 10 శాతం భత్యంలో ఇమడవు.

ప్రైవేటు బడిలో మొదటి జీతం

ఇక్కడ స్కేలు లేదు, జీవో లేదు. యాజమాన్యం ఎంత అంటే అంత. సీమ పట్టణాల్లోని చిన్న బళ్లలో కొత్త టీచరు జీతం ఐదంకెలకు చేరడమే గొప్ప. పదో తరగతికి లెక్కలు, సైన్సు చెప్పగలిగినవారికి కాస్త మెరుగు. కార్పొరేట్ బళ్లు ఇంకొంచెం ఎక్కువ ఇస్తాయి, దానికి తగ్గట్టు ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం కూడా ఉద్యోగంలో భాగమే. వేసవి నెలలకు జీతం ఇవ్వని బళ్లు ఉన్నాయి. ‘నెలకు పన్నెండు వేలు’ అన్నమాట విని సంతోషించే ముందు ఏడాదికి ఎన్ని నెలలు అని అడగాలి. 12 నెలలకు 10 వేలు, 10 నెలలకు 12 వేలు ఒకటే.

మరో చేదు నిజం ఏమిటంటే, చిన్న బళ్లలో బీఈడీ ఉన్నవారికీ లేనివారికీ జీతంలో పెద్ద తేడా ఉండదు. బాగా పాఠం చెప్పే ఎమ్మెస్సీ అభ్యర్థికి బీఈడీ లేకపోయినా పిలిచి ఉద్యోగం ఇస్తారు. పట్టా విలువ ప్రధానంగా డీఎస్సీ, గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాల గేటు దగ్గరే తెలుస్తుంది.

ఈ రెంటికీ మధ్యన కొన్ని మెట్లు ఉన్నాయి. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో కాంట్రాక్టు టీచరుకు 26 వేల పైన ఇస్తున్నారు. అవి మహిళలకే, రెన్యువల్ ఏటేటా. వెనుకబడిన మండలాలు ఎక్కువున్న కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కస్తూర్బాలు చాలానే ఉన్నాయి కాబట్టి బీఈడీ చేసిన అమ్మాయిలు ఈ దారి మీద కన్నేసి ఉంచాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచరు మూలవేతనం 35,400, ఉన్నత తరగతుల టీచరు అయిన టీజీటీకి 44,900, ఇంటర్ స్థాయి టీచరు అయిన పీజీటీకి 47,600. జీతం మంచిదే, పోటీ మాత్రం దేశమంతటితో, పోస్టింగు అస్సాంలోనైనా రావచ్చు.

డీఎస్సీ గడియారం

2012, 2014, 2018, 2025. గత పదిహేనేళ్లలో డీఎస్సీ గురించి గుర్తుంచుకోవాల్సిన ఏళ్లు ఇవి. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఎన్నికలు రావడంతో పరీక్షలు జరగలేదు, తర్వాత అది రద్దయి మెగా డీఎస్సీ వచ్చింది. అంటే 2019లో బీఈడీ ముగించిన అభ్యర్థి మొదటి డీఎస్సీ పరీక్ష రాయడానికి 2025 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ జీతం ప్రైవేటు బడి జీతమే, లేదా సున్నా. ఇంకా పాత ఉదాహరణ కావాలంటే 1998 డీఎస్సీ ఉంది. అందులో అర్హత పొంది ఉద్యోగం దక్కక మిగిలిపోయినవారిని 2023లో, అదీ కాంట్రాక్టు పద్ధతిలో, మినిమం టైం స్కేలు మీద తీసుకున్నారు. అప్పటికి కొందరు తాతలయ్యారు.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. దరఖాస్తు చేసినవారు 3.36 లక్షల మంది. సగటున పోస్టుకు ఇరవై మంది. సగటు చెప్పని సంగతి జిల్లాల తేడాలో ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లాకు 2,600కు పైగా పోస్టులు వచ్చాయి, రాష్ట్రంలోనే అత్యధికం. అందులో ఎస్జీటీలే 1,800 దాకా. ఉమ్మడి అనంతపురానికి మొత్తం కలిపి 800 పైచిలుకు, కడపకు 700 పైచిలుకు. ఈ రెండు జిల్లాల్లో ఎస్జీటీ పోస్టులు ఒక్కో చోట 300 కూడా లేవు. 80 శాతం పోస్టులు స్థానికులకే కాబట్టి, మీరు ఏ జిల్లా స్థానికులన్నది మీ పట్టా విలువను నేరుగా మారుస్తుంది. స్థానికత అంటే ప్రస్తుతం ఉంటున్న ఊరు కాదు, నాలుగు నుంచి పదో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది. ఆలూరులో చదివి గుంతకల్లుకు కోడలిగా వెళ్లిన అమ్మాయి కర్నూలు స్థానికురాలే. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు ఇది పట్టదు, పోస్టింగు వచ్చాక పట్టుకుంటుంది.

కర్నూలుకు అన్ని పోస్టులు వచ్చాయి కదా, వచ్చేసారీ వస్తాయి అనుకోవడం మాత్రం ప్రమాదం. ఒకసారి అంత పెద్ద సంఖ్యలో నింపాక ఖాళీలు మళ్లీ పేరుకోవడానికి కాలం పడుతుంది. పైగా పోస్టుల సంఖ్య పదవీ విరమణలతోనే తేలదు, విధానంతోనూ మారుతుంది. 2022లో 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు కలిపినప్పుడు ఎస్జీటీల అవసరం కాగితం మీద తగ్గిపోయింది. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి బళ్ల రకాలను మళ్లీ మార్చారు. ఇంటర్ చదివే పిల్లవాడు ప్రాథమిక తరగతుల టీచరు శిక్షణ అయిన డీఎడ్‌లో చేరి బయటికొచ్చేలోగా ఇలాంటిది ఇంకొకటి రాదని ఎవరు చెప్పగలరు?

డీఎడ్ దారి

మా కాలంలో టీటీసీ అనేవారు, ఇప్పటికీ పల్లెల్లో ఆ పేరే. ఇంటర్ తర్వాత రెండేళ్లు, డీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశం. డీఎడ్ చెప్పే ప్రభుత్వ కాలేజీలు, అంటే డైట్‌లు, కర్నూలు దగ్గర బి.తాండ్రపాడులో, ఉమ్మడి అనంతపురంలో బుక్కపట్నంలో, ఉమ్మడి కడపలో రాయచోటిలో ఉన్నాయి. వీటిలో సీటు దొరికితే ఖర్చు చాలా తక్కువ. తిండికీ రికార్డులకూ అయ్యేదే ఎక్కువ.

ఈ దారి విలువను పెంచింది ఒక తీర్పు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పడానికి బీఈడీ అర్హత కాదని తేల్చింది. 2024 నోటిఫికేషన్‌లో బీఈడీ వారికీ ఎస్జీటీ అవకాశం ఇవ్వబోతే హైకోర్టు ఆపింది. దాంతో ఎస్జీటీ పోస్టులు పూర్తిగా డీఎడ్ వారివి. 2025 డీఎస్సీలో ఎస్జీటీలు 6,371, స్కూల్ అసిస్టెంట్లు 7,725. స్కూల్ అసిస్టెంట్లే ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ ఆ 7,725ను తెలుగు, హిందీ, ఇంగ్లిషు, లెక్కలు, భౌతిక శాస్త్రం, జీవ శాస్త్రం, సాంఘికం, వ్యాయామ విద్య అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పదమూడు ఉమ్మడి జిల్లాలకు పంచి, దాని మీద రోస్టర్, అంటే రిజర్వేషన్ల వరుస, వేస్తారు. వ్యాయామ విద్య ముక్క ఒక్కటే 1,600 పైచిలుకు, దానికి బీఈడీ పనికిరాదు. చివరికి మీ సబ్జెక్టులో, మీ జిల్లాలో, మీ కేటగిరీలో మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్య కావచ్చు. ఎస్జీటీలో ముక్కలు ఇన్ని ఉండవు.

ఇంకో లాభం వయసు. డీఎడ్ అభ్యర్థి ఇరవై ఏళ్లకు ముందే అర్హత పొందుతాడు, బీఈడీ అభ్యర్థి ఇరవై రెండు, ఇరవై మూడుకు. ఆ మధ్య కాలంలో డీఎస్సీ పడితే, మూడేళ్ల ఎస్జీటీ జీతం అంటే పదిహేను లక్షల పైమాటే. ఉద్యోగంలో చేరాక డిగ్రీని దూరవిద్యలో చేయవచ్చు, పనిచేసే ఉపాధ్యాయులకు ఇగ్నో బీఈడీ ఉంది, వాటితో స్కూల్ అసిస్టెంట్ పదోన్నతి వరుసలో నిలబడవచ్చు. అప్పుడు బీఈడీ ఫీజు మీ జీతం కడుతుంది, మీ నాన్న కట్టడు.

నష్టం కూడా అంతే స్పష్టం. డీఎస్సీ రాకపోతే డీఎడ్ ఒక్కదానితో ప్రైవేటులో దొరికేది ప్రైమరీ సెక్షన్, అంటే బడిలో అతి తక్కువ జీతం ఉన్న చోటు. వేరే రంగానికి వెళ్లాలంటే డిగ్రీ ఉండదు. అందుకే డీఎడ్ చేస్తున్నవారు, అయిపోయినవారు దూరవిద్యలో డిగ్రీలో చేరిపోవాలి. ఇది సలహా కాదు, షరతు. డిగ్రీ లేని డీఎడ్‌తో ఇరవై ఆరేళ్లకు నిలబడటం చాలా కష్టం.

ఉమ్మడి కర్నూలు స్థానికులై, చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమై, డైట్‌లో సీటు వస్తే నేను రెండో ఆలోచన లేకుండా డీఎడ్ అంటాను. అనంతపురం, కడప స్థానికులకు అంత ధీమాగా చెప్పలేను. ఇక ప్రైవేటు డీఎడ్ కాలేజీలో డబ్బు పోసి చేరాలా అంటే, ఏ జిల్లా అయినా వద్దనే అంటాను.

బీఈడీ దారి

2015 నుంచి బీఈడీ రెండేళ్లు. అంతకుముందు ఏడాదే. ఆ ఒక్క మార్పు ఈ చదువు ఖర్చును ఎంత పెంచిందో ఫీజుల పట్టికలో కనిపించదు. పెరిగింది ఫీజుకన్నా కాలం. డిగ్రీ చదివిన పిల్లలు ఇంకో ఏడాది సంపాదన లేకుండా ఉండాలి.

సీట్లు మూడు రకాలు. ప్రభుత్వ కాలేజీ సీటు మొదటిది, కర్నూలులోనూ అనంతపురంలోనూ ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యా కళాశాలలు ఉన్నాయి. రెండోది ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా. మూడోది మేనేజ్‌మెంట్ కోటా. మొదటి రెంటికీ ఎడ్‌సెట్ ర్యాంకు, కౌన్సెలింగ్, అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్. మూడోదానికి రీయింబర్స్‌మెంట్ లేదు.

నా అభిప్రాయం దాచుకోను. మేనేజ్‌మెంట్ కోటాలో బీఈడీ కొనడం దాదాపు ఎప్పుడూ నష్టమే. ఇంజినీరింగ్‌లో ఫలానా కాలేజీ అంటే క్యాంపస్ నియామకాలు, పేరు అని ఏదో చెప్పుకోవచ్చు. డీఎస్సీ మెరిట్‌లో మీ కాలేజీ పేరుకు అర మార్కు కూడా లేదు. 80 శాతం డీఎస్సీ పరీక్షది, 20 శాతం టీచరు అర్హత పరీక్ష అయిన టెట్‌ది. ప్రభుత్వ కాలేజీలో ఉచితంగా చదివిన పట్టా, లక్షలు పోసిన పట్టా ఒకే వరుసలో నిలబడతాయి. ర్యాంకు రాకపోతే ఒక ఏడాది ఏదైనా పనిలో చేరి మళ్లీ ఎడ్‌సెట్ రాయడం మేలు. ఎడ్‌సెట్ అంత కఠినమైన పరీక్షేమీ కాదు, నిజంగా చదివితే.

‘రోజూ రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం, దానికి కొంచెం అదనం’ అనే కాలేజీల మాట చాలామందికి తీపిగా వినిపిస్తుంది. పని చేసుకుంటూ చదవవచ్చు కదా అన్నది వారి లెక్క. అందులో రెండు చిక్కులున్నాయి. రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు నిబంధన ఉంది, అది బయోమెట్రిక్ అయిన రోజున అదనం కట్టినవారు ఇరుక్కుంటారు. రెండో చిక్కు పెద్దది. బీఈడీలో నిజంగా పనికొచ్చేది బళ్లలో చేసే పదహారు వారాల ఇంటర్న్‌షిప్. అది ఎగ్గొట్టి రికార్డులు బయట రాయించుకున్నవారు మొదటిసారి నలభై మంది పిల్లల ముందు నిలబడేది ఉద్యోగంలోనే. ప్రైవేటు బడి యజమాని డెమో క్లాసులో పది నిమిషాల్లో పట్టేస్తాడు.

నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ, బీఏ బీఈడీ మాటేమిటి? కొత్త విద్యావిధానం తర్వాత ఐటెప్ అనే పేరుతో వస్తున్నది ఇదే. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ కలిపితే ఐదేళ్లు, ఇందులో నాలుగే. ఇంటర్‌లోనే టీచరు కావాలని గట్టిగా అనుకున్నవారికి ఏడాది మిగులు. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది రాష్ట్రాల పిల్లలకు ఈ తరహా చదువును చాలా కాలంగా ఇస్తోంది. అనంతపురం, హిందూపురం వారికి అది అంత దూరం కాదు, పేరు కూడా మంచిది. తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ ఐటెప్ ఉంది. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష జాతీయ స్థాయిది. ప్రయత్నించడానికి దరఖాస్తు ఖర్చే కదా, ప్రయత్నించండి. మధ్యలో మనసు మారితే కష్టమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ చేసినవారికి ఏడాది బీఈడీ తెస్తామని 2025లో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. పీజీ చదువుతున్నవారు ఇప్పుడే రెండేళ్ల బీఈడీకి డబ్బు కట్టే ముందు అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలి.

సబ్జెక్టు

ఏ కాలేజీ అన్నదానికన్నా ఏ మెథడాలజీ, అంటే బీఈడీలో ఏ సబ్జెక్టు బోధన నేర్చుకుంటారన్నది ముఖ్యం. దీని మీద పెట్టాల్సిన ఆలోచనలో పదో వంతు కూడా ఇళ్లలో పెట్టరు. సాంఘిక శాస్త్రంలో అభ్యర్థులు కిక్కిరిసి ఉంటారు, బయట ట్యూషన్ గిరాకీ దాదాపు లేదు. లెక్కలు, భౌతిక శాస్త్రం వారికి డీఎస్సీ రాకపోయినా పదో తరగతి ట్యూషన్లు, ఇంటర్ కాలేజీలు ఉంటాయి. ఇంగ్లిషు బాగా మాట్లాడి చెప్పగలిగేవారికి ప్రైవేటు బళ్లలో గిరాకీ ఎప్పుడూ ఉంది. డిగ్రీ సబ్జెక్టులే మెథడాలజీని నిర్ణయిస్తాయి కాబట్టి ఈ నిర్ణయం నిజానికి డిగ్రీలో చేరే రోజే అయిపోతుంది.

ఒక నమూనా లెక్క

కిందివి ఊహించిన అంకెలు. మీ అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి.

డిగ్రీ అయిన ఒక అమ్మాయికి ప్రొద్దుటూరులో బీఈడీ లేకుండానే నెలకు 10 వేల ఉద్యోగం ఉందనుకుందాం. రెండేళ్లు బీఈడీకి వెళితే ఆ 2,40,000 రూపాయలు పోతాయి. కన్వీనర్ సీటు, ఇంటి నుంచి బస్సు, రికార్డులు, పరీక్ష ఫీజులు, రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలినది కలిపి చేతి నుంచి 60,000 అనుకుందాం. అసలు ఖర్చు 3,00,000. అదే మేనేజ్‌మెంట్ సీటు, హాస్టల్ అయితే చేతి నుంచి 2,00,000, అసలు ఖర్చు 4,40,000. రెండు చోట్లా పెద్ద భాగం ఫీజు కాదు, వదులుకున్న జీతం. దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు.

ఇప్పుడు రాబడి. బీఈడీ అయ్యాక ప్రైవేటు బడిలో 12 వేలు, ఏడాదికి 11 నెలలు ఇస్తారనుకుంటే 1,32,000. ఇంతకుముందు ఏడాదికి 1,20,000 వచ్చేది. బీఈడీ తెచ్చిన అదనం ఏడాదికి 12,000. మొదటి సీటు ఖర్చు తీరడానికి 25 ఏళ్లు, రెండోదానికి 36 ఏళ్లు దాటుతుంది. స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం వస్తే? చేతికి నెలకు 57 వేలు అనుకున్నా ఏడాదికి 6,84,000. అదనం 5,64,000. రెండో సీటు ఖర్చు కూడా పది నెలల్లోపే తీరిపోతుంది.

పది నెలలా, ముప్పై ఆరేళ్లా? కస్తూర్బా లాంటి కొన్ని మెట్లు వదిలేస్తే మధ్యలో ఏమీ లేదు. అందుకే దీన్ని చదువు మీద పెట్టుబడి అనడం కన్నా పందెం అనడం న్యాయం. పందెం వేయవద్దని అనను. ఇరవై మందిలో ఒకరికి దక్కే చోట పందెం డబ్బు వీలైనంత తక్కువగా ఉండాలి, ఒకటికి రెండుసార్లు ఆడేంత ఓపిక మిగలాలి. లక్షలు పోసి సీటు కొన్నవారికి రెండో డీఎస్సీ దాకా ఆగే స్తోమత ఉండదు. వారు అప్పు తీర్చడానికి మధ్యలోనే వేరే పనికి వెళ్లిపోతారు, పట్టా బీరువాలో ఉండిపోతుంది.

అప్పు సంగతి వచ్చింది కాబట్టి: ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు వడ్డీయే నాలుగు వేలు. పన్నెండు వేల జీతంలో మూడో వంతు. అసలు అలాగే ఉంటుంది. చదువు కోసం తప్పనిసరిగా అప్పు చేయాలంటే బ్యాంకు విద్యారుణం అడగండి, నాలుగు లక్షల దాకా తనఖా అక్కర్లేదు. మేనేజర్ వెంటనే ఒప్పుకోకపోవచ్చు, కన్వీనర్ సీటు ఉత్తర్వు చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక.

కోచింగ్ ఖర్చు ఈ లెక్కలో వేయలేదు. అవనిగడ్డ వెళ్లి హాస్టల్‌లో ఉండి చదివేవారున్నారు, నంద్యాలలో గదులు తీసుకునేవారున్నారు. నోటిఫికేషన్ తేదీ తెలియకుండా ఉద్యోగం మానేసి ఏడాదంతా కోచింగ్‌లో కూర్చోవడం అన్నింటికన్నా ఖరీదైన పని. ఒక ఏడాది జీతం పోతుంది, పైన గది అద్దె, మెస్సు. టెట్ మార్కుకు కాలదోషం లేదు, మంచి మార్కు ఒకసారి తెచ్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది, అందులోంచి 20 శాతం నేరుగా డీఎస్సీలోకి వస్తుంది. కాబట్టి ఉద్యోగం చేస్తూ టెట్ మార్కు పెంచుకుంటూ ఉండి, నోటిఫికేషన్ వచ్చాక మాత్రమే సెలవు పెట్టడం నాకు తెలిసిన చవకైన పద్ధతి.

మూడు జిల్లాలు, మూడు పక్కదారులు

అనంతపురం వైపు వారికి బెంగళూరు ఉంది. ఇంగ్లిషులో పాఠం చెప్పగలిగితే అక్కడి సీబీఎస్ఈ బళ్ల జీతాలు సీమ పట్టణాల జీతాలకన్నా బాగా మెరుగు. అద్దె కూడా అదే స్థాయిలో ఉంటుంది, హిందూపురం నుంచి రోజూ రైల్లో వెళ్లడం టీచరు ఉద్యోగానికి కుదరదు. అయినా పెళ్లికాని వారికి నాలుగేళ్ల అనుభవం కోసం మంచి చోటు. పెనుకొండ దగ్గర కియా వచ్చాక డిగ్రీ, డిప్లొమా పిల్లలకు ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీ పని అనే ప్రత్యామ్నాయం కూడా పుట్టింది. బీఈడీ వల్ల వదులుకునే జీతం లెక్క వేసేటప్పుడు అనంతపురం అబ్బాయి దాన్ని కూడా చూడాలి.

కర్నూలు వారికి హైదరాబాదు దగ్గర. అక్కడి కార్పొరేట్ జూనియర్ కాలేజీలు ఎమ్మెస్సీ వారిని బీఈడీ అడగకుండానే తీసుకుంటాయి. ఎమ్మెస్సీ లెక్కలు చేసి, బీఈడీ కూడా చేయనా అని అడిగేవారితో నేను, ముందు రెండేళ్లు అక్కడ చెప్పి చూడండి అంటాను. కడప వారికి అలాంటి పెద్ద నగరం అంత చేరువలో లేదు. పోస్టులూ తక్కువ. కడప స్థానికులు బీఈడీ చేస్తే గురుకులాల టీజీటీ పోస్టుల మీద కూడా చూపు పెట్టాలి, 2025 డీఎస్సీలో రాష్ట్రం మొత్తం మీద టీజీటీలు 1,781, పీజీటీలు 286 ఉన్నాయి. ఒక్కో పోస్టుకు వేరువేరుగా 750 రూపాయలు కట్టి దరఖాస్తు చేయాల్సి వచ్చినా, అర్హత ఉన్న ప్రతి పోస్టుకూ కట్టినవారే తెలివైనవారు.

ప్రైవేటులో చేరేవారికి

డీఎస్సీ వచ్చేదాకా ప్రైవేటు బడి తప్పదనుకున్నాక అక్కడి నిబంధనలనైనా సరిగ్గా కుదుర్చుకోవాలి. ఏప్రిల్, మే జీతం ఇస్తారా అన్నది చేరేముందు అడగండి, చేరాక కాదు. ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే బడిలో పీఎఫ్ మీ హక్కు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ కూడా హక్కే, ప్రైవేటు బడి టీచర్లకు అది వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. నాలుగేళ్లకే ఉద్యోగం మానేసేవాళ్లు ఇది తెలియక నష్టపోతున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. చూపించండి, జిరాక్సు ఇవ్వండి. ‘మధ్యలో వెళ్లిపోకుండా ఉండటానికమ్మా’ అని యజమాని ఎంత ఆప్యాయంగా చెప్పినా సరే. డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు ఒకటి రెండు రోజుల గడువుతో వస్తుంది, ఆ సమయంలో ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం కుదరదు.